మాజీ సైనికులకు కౌన్సెలింగ్ పని: మన శ్రీకాకుళం, విజయనగరంలో ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎచ్చెర్ల_ఎమ్మెస్‌డబ్ల్యూ | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చివరి సెమిస్టర్ చదువుతున్నాను. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా వీధిలో ఆర్మీలోనో, నేవీలోనో, సీఆర్‌పీఎఫ్‌లోనో ఒక్కరైనా లేని ఇల్లు వెతకాలి. మాదే అలాంటి ఇల్లు.

తెల్లవారుజామున మెయిన్ రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళంటే ఊరందరికీ మురిపెం. పదిహేడేళ్ళు సర్వీసు చేసి నలభై నిండకుండానే ఇంటికొచ్చేసిన వాళ్ళను మాత్రం "పింఛనొస్తోంది కదా, ఇంకేం లోటు" అని వదిలేస్తారు. వాళ్ళలో కొందరు రాత్రంతా అరుగు మీదే కూర్చుని ఉంటారు. కొందరు పిల్లలతో కూడా ఆర్డరు వేసినట్టే మాట్లాడతారు. కొందరికి మిలిటరీ క్యాంటీన్ మందు సీసా లేకుండా పొద్దు గడవదు.

వీళ్ళతో పనిచెయ్యాలని నా కోరిక. కౌన్సెలర్‌గానైనా, సోషల్ వర్కర్‌గానైనా. మన దగ్గర దీనికి ఉద్యోగమంటూ ఉందా? ఇంకా ఏం చదవాలి? ఫౌజు అంటే ఏమిటో తెలియని ఆడపిల్ల దగ్గర వాళ్ళు నోరు విప్పుతారా? ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి.

వంశధార_పీఎస్‌డబ్ల్యూ | సోమవారం, రాత్రి 10:40

ముందు ఉద్యోగం సంగతి తేల్చేద్దాం తల్లీ. "మాజీ సైనికుల కౌన్సెలర్" అన్న పేరుతో నోటిఫికేషన్ పడుతుందని ఎదురుచూడకు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్కులకు కాంట్రాక్టు పోస్టులు పడుతుంటాయి: మెడికల్ ఆఫీసరు, డెంటల్ ఆఫీసరు, నర్సింగ్ అసిస్టెంట్, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, క్లర్కు. ఆ వరసలో కౌన్సెలర్ ఉండదు. మన చదువుకి సరిపోయే పోస్టు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఉంటుంది. 1996లో కేంద్రం మొదలుపెట్టిన పథకం అది. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు కలిసి ఒక బృందంగా పనిచేస్తారు. అందులో ఉంటూనే మాజీ సైనికుల వైపు దారి చేసుకోవాలి. నేను అలాగే వచ్చాను.

చదువు విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎం.ఎస్.డబ్ల్యూ. మీద రెండేళ్ళ ఎం.ఫిల్ చేసినవాళ్ళే సైకియాట్రిక్ సోషల్ వర్కర్. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఎంట్రన్స్ రాసి చేరొచ్చు. యూజీసీ మిగతా ఎం.ఫిల్‌లు ఎత్తేసినప్పుడు ఈ కోర్సుకి, క్లినికల్ సైకాలజీకి 2025-26 వరకు గడువు పొడిగించింది. కాబట్టి చేరబోయే ముందు ఆ విశ్వవిద్యాలయం ఏ పేరుతో డిగ్రీ ఇస్తోందో చూసుకో. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే మాత్రం ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ దారి వేరు. ఉత్త ఎం.ఎస్.డబ్ల్యూ.తో చేసే పని కూడా బోలెడుంది. జబ్బు పేరు పెట్టడం, మందులు చెప్పడం మాత్రం మన చేతిలో పెట్టుకోకూడదు.

ఇక అసలు విషయం. మాజీ సైనికుడు "నాకు మనసు బాగోలేదు" అనుకుంటూ మన దగ్గరికి రాడు. సైనిక పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో లైఫ్ సర్టిఫికెట్ పడలేదని వస్తాడు. పీపీవోలో, అంటే పింఛను ఆర్డరులో, భార్య పేరు తప్పు పడిందని వస్తాడు, కూతురి పెళ్ళి గ్రాంటు ఏమైందని వస్తాడు. ఆ కాగితం పని చేసిపెట్టగలిగితే వారం తిరక్కుండా మళ్ళీ వస్తాడు. ఈసారి కాగితం ఉండదు.

ఒకాయన ఇంటికి వెళ్ళినప్పుడు నల్ల ట్రంకు పెట్టె తీశారు. మూత మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు. లోపల ప్లాస్టిక్ కవర్లలో సంవత్సరాల వారీగా కాగితాలు, ఒక్కటీ మడత నలగలేదు. డిశ్చార్జి బుక్కు తెరిచి ఏయే యూనిట్లలో చేశారో ఒక్కొక్కటే చూపిస్తున్నారు. ఒక చోటు పేరు మీద వేలు ఆగింది. నేనేమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు. "మిగతావి రేపు చూద్దాం మేడమ్" అని పెట్టె మూసేశారు. కౌన్సెలింగ్ మొదలయ్యింది ఆరోజే. ఆయన తెరిచిన మేరకే మనం చూడాలి. "అక్కడ ఏం జరిగింది" అని మొదటిరోజే అడిగేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

రిటైర్డ్_హవల్దార్_గజపతినగరం | మంగళవారం, ఉదయం 5:52

వంశధార మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాను ఆర్టిలరీలో చేసి హవల్దారుగా దిగినోణ్ణి. మాది గజపతినగరం సైడు.

అమ్మా, నువ్వు కొత్తగా వస్తున్నావు కాబట్టి సెప్తున్నాను. పెళ్ళికెళ్ళినా, సావుకెళ్ళినా మమ్మల్ని అందరూ అడిగీది ఒకటే: "ఎంతమందిని లేపీసావు?" ఆ మాట నీ నోట రాకూడదు. "దేశానికి సేవ చేసారు, మీరు గొప్పోళ్ళు" అని కూడా అనీకు. ఆ మాటన్నాక ఇంక మేం సెప్పుకునీదేటి ఉంటాది? గొప్పోడు ఏడవకూడదు కదా. అడగాలంటే ఏ ఊరు, పిల్లలేటి చదువుతున్నారు, మోకాళ్ళ నొప్పులు ఎలగున్నాయి అని అడుగు.

రెండోది చెవులు. ఇది ఎవరూ పట్టించుకోరు. మాది బోఫోర్స్ గన్ను, 155 ఎంఎం. ఏళ్ళ తరబడి ఆ పక్కన నిలబడినోడికి చెవులు మిగుల్తాయేటి? ఇంటికొచ్చీసినాక నా భార్య ఏదో అంటాది, నాకు గొంతు వినబడతాది గానీ మాట తెలీదు. "ఏటి?" అని గట్టిగా అంటాను. నేను అరిచాననుకుని ఆవిడ ఊరుకుంటాది. ఊరుకుంది కాబట్టి నామీద కోపంగా ఉంది అనీసి నాను అనుకుంటాను. ఇలగే మాకు ఏళ్ళు గడిచిపోయాయి. టీవీ సౌండు మీద రోజూ తగువే. మా ఊళ్ళో ఆర్ఎంపీ నరాల బలహీనత అనీసి ఇంజెక్షన్లు పొడిచాడు. చివరికి విశాఖలో చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేయిస్తే రెండు చెవులూ పోయినట్టు తేలింది. మిషను పెట్టాక ఇంట్లో సగం గొడవ తగ్గింది. మిగతా సగం ఉంది, అది నా బుర్రలోది. దానికి మందు వాడుతున్నాను, సెప్పుకోడానికి సిగ్గు లేదు.

విశాఖ_సైకియాట్రీ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

హవల్దార్ గారు చెవుల గురించి రాసింది ఈ థ్రెడ్‌లో అందరూ రెండుసార్లు చదవాలి. పెద్ద శబ్దాలకు ముందుగా పోయేది పైస్థాయి వినికిడి, 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్యలో. అచ్చులు వినిపిస్తాయి, స, త, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే "గొంతు వినబడుతుంది, మాట తెలీదు" అన్నారాయన. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు మరీ కష్టం. పైగా చెవిలో రాత్రిపూట హోరు ఉంటే నిద్ర ఉండదు. కోపం, అనుమానం, ఒంటరితనం అని రాసి నా దగ్గరికి పంపిన కొందరిలో అసలు సమస్య వినికిడిదే. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించడం చిన్న పని. ఈసీహెచ్‌ఎస్‌లో వినికిడి యంత్రానికీ అవకాశం ఉంది. పేలుడు దగ్గరగా తగిలినవాళ్ళయితే తలకు దెబ్బ తగిలిందా, స్పృహ తప్పిందా అని కూడా అడగండి. మతిమరుపు, చిరాకు, తలనొప్పి అక్కణ్ణుంచే రావచ్చు.

అయితే అన్నిటినీ చెవుల మీదికి తోసేయొద్దు. జరిగినది కళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టు అనిపించడం, దాన్ని గుర్తుచేసే చోట్లకీ మనుషులకీ దూరంగా తిరగడం, ఎవరిమీదా ప్రేమ పుట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం. ఇవి నెలకు పైగా ఉండి రోజువారీ బతుకు దెబ్బతింటే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక జబ్బు, ఉందేమో చూడాలి. దీనికి మంచి వైద్యం ఉంది. ఆ జ్ఞాపకంతో పద్ధతి ప్రకారం పనిచేసే థెరపీలు ఉన్నాయి, సెర్ట్రలిన్ లాంటి మందులున్నాయి. మందు పట్టుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని మొదటిరోజే చెప్పకపోతే పదోరోజున మానేస్తారు.

సీఆర్‌పీఎఫ్_మాజీ_రాజాం | మంగళవారం, సాయంత్రం 6:33

అందరూ ఆర్మీ, ఆర్మీ అంటున్నారు. మా సంగతేమిటి? నేను సీఆర్‌పీఎఫ్‌లో చేసి వచ్చాను, ఎక్కువ భాగం ఛత్తీస్‌గఢ్‌లో. 2010 ఏప్రిల్ 6న దంతేవాడ జిల్లాలో 76 మంది పోయారు కదా, ఆ తర్వాత ఆ ప్రాంతంలోనే మా క్యాంపు. కాలిబాట మీద అడుగు వేసేముందు మట్టి రంగు చూడటం అలవాటైపోయింది. ఇప్పుడు మా మామిడితోటలో నడిచినా కళ్ళు నేలమీదే ఉంటాయి.

మాకు ఈసీహెచ్‌ఎస్ లేదు. సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే నిబంధనల ప్రకారం మాజీ సైనికుల లెక్కలోకి మేము రామని తేలింది. కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ కావాలంటే విశాఖ పోవాలి. చేసిన డ్యూటీలో తేడా ఏముంది? చెల్లెమ్మా, నువ్వు ఈ పనిలోకొస్తే మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టకు. అంతే.

ఎచ్చెర్ల_ఎమ్మెస్‌డబ్ల్యూ | మంగళవారం, రాత్రి 8:05

అన్నయ్యా, నిలబెట్టను. జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి ఏ కార్డూ అక్కర్లేదు కదా. మీలాంటివాళ్ళకు అక్కడినుంచే దారి వెతకాలనుకుంటున్నాను.

కంచిలి_కొబ్బరితోట | మంగళవారం, రాత్రి 11:48

నేను మాజీ సైనికుడి భార్యని. ఇలాంటి చోట రాయడం నాకు అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మాది ఉద్దానం. ఆయన వచ్చేసినప్పుడు మాకు కొబ్బరి తోట, కాస్త జీడిమామిడి ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఆ రాత్రి, ఆ తర్వాతి రోజులు ఆయన ఎలా పనిచేశారో ఊరంతా చూసింది. రోడ్డుకి అడ్డం పడిన చెట్లు కోయించారు. ముసలివాళ్ళని బడిలోకి చేర్చారు. ఎవరికి ఎన్ని మంచినీళ్ళ డబ్బాలో లెక్కకట్టి పంచారు. అన్నాళ్ళూ ఒక్క చుక్క ముట్టలేదు, రాత్రి పడుకుంటే నిద్రపోయారు. పెళ్ళయ్యాక ఆయన్ని అంత స్థిమితంగా నేను ఎప్పుడూ చూడలేదు. కరెంటు వచ్చింది, ఊరు సర్దుకుంది. ఆయన మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయారు. ఈసారి ఇంకా లోపలికి.

ఇప్పుడు పొద్దున్నే తాగకపోతే చేతులు వణుకుతున్నాయి. మందుల షాపులో ఇచ్చిన నిద్రమాత్రలు కూడా వేసుకుంటున్నారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ ఉందని కిందటేడు క్యాంపులో చెప్పారు. మా అత్తగారు గాలి సోకిందని మంత్రాలు వేసే ఎజ్జోడి దగ్గరికి తీసుకెళ్ళారు. మా తమ్ముడు క్యాంటీన్ కార్డు లాక్కుని, గదిలో పెట్టి తాళం వేసి మాన్పించెయ్యమంటున్నాడు. అలా చెయ్యొచ్చా?

విశాఖ_సైకియాట్రీ | బుధవారం, ఉదయం 6:10

అమ్మా, తాళం వేసి మాన్పించొద్దు. ఇది ముందు చెప్పాలనే పొద్దున్నే రాస్తున్నాను.

రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం, ఒళ్ళంతా చెమటలు రావచ్చు. ప్రాణం పోయే స్థితి అది. ఆస్పత్రిలో ఉంచి, డాక్టరు చూస్తుండగా మాన్పించాలి. ఊళ్ళో నీరసం అని గ్లూకోజు సీసా ఎక్కించనివ్వొద్దు. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో బి1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ మాట మీరు అక్కడి డాక్టరుతో గట్టిగా అనండి, తప్పులేదు.

షాపులో ఇచ్చినవి ఆల్ప్రజోలం జాతివే అయ్యుండాలి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అవి కూడా ఉన్నట్టుండి ఆపకూడదు, కొద్దికొద్దిగా తగ్గించాలి. పీటీఎస్‌డీకి అవి మందు కానే కావు.

ఉద్దానం అన్నారు, అక్కడ కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి ఒక మాట. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ క్రియాటినిన్ రిపోర్టు ముందు బల్ల మీద పెట్టండి. మానసిక వైద్యంలో లిథియం లాంటి కొన్ని మందులు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. ఆ రిపోర్టు చూడకుండా రాయకూడదు. ఒంటి నొప్పులకని షాపులో కొనే బిళ్ళలు కూడా కిడ్నీకి చేటే.

వంశధార_పీఎస్‌డబ్ల్యూ | బుధవారం, ఉదయం 7:35

అక్కా, మీరు రాసిన తుపాను సంగతి నేను ఊరికే చదివి వదల్లేను. పని ఉన్నప్పుడు ఆయన బాగున్నారు, తన మాట వినే మనుషులున్నప్పుడు బాగున్నారు. అంటే లోపల మనిషి చెక్కుచెదరకుండా ఉన్నాడు. వైద్యం మొదలయ్యాక ఆ దారిలోనే మనం పట్టుకోవాలి. కుర్రాళ్ళకు పరుగు నేర్పించడమో, బడిలో డ్రిల్లు చెప్పడమో, పంచాయతీలో ఏదైనా బాధ్యతో. రాత్రి ఏటీఎం కాపలా మాత్రం వద్దు. నిద్ర లేనివాళ్ళను నిద్రలేని ఉద్యోగంలో పెట్టడం మన జిల్లాల్లో జరిగే పెద్ద పొరపాటు. మాజీ సైనికుడనగానే సెక్యూరిటీ గార్డు ఉద్యోగమే చూపిస్తారు.

అత్తగారితో తగువు పెట్టుకోకండి. ఎజ్జోడి దగ్గరికి వెళ్తే వెళ్ళనివ్వండి, ఆస్పత్రి మందు ఆపకపోతే చాలు. ఆవిడ కూడా కొడుకు బాగుపడాలనే తిరుగుతోంది.

ఇంకో ప్రశ్న, ఇక్కడ జవాబు రాయొద్దు, ఇన్‌బాక్స్‌లో చెప్పండి. ఆయన ఎప్పుడైనా చచ్చిపోతానన్నారా? ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందా? పురుగుమందు డబ్బాలు ఎక్కడుంటాయి? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్ళనే నేను చూశాను. తుపాకీ ఉంటే కొన్నాళ్ళు ఇంట్లో లేకుండా చూడాలి, పురుగుమందు పక్కింటి కొట్టంలోకి మార్చాలి. పోలీసు కేసవుతుందని భయపడకండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చూడాలని, వాళ్ళకు వైద్యం అందించాలని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

మోడరేటర్ | బుధవారం, ఉదయం 8:00

చదువుతున్న అందరికీ: టెలి మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు. ప్రాణాపాయం ఉంటే 112 లేదా 108. కంచిలి గారి ఊరు, యూనిట్ వివరాలు ఎవరూ అడగొద్దు.

బొబ్బిలి_కోచింగ్ | బుధవారం, మధ్యాహ్నం 2:15

నేను బొబ్బిలిలో ఆర్మీ ఫిజికల్ కోచింగ్ ఇస్తాను. నాకున్న బెంగ వేరు. 2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ళ సర్వీసు, అందులో 25 శాతం మందినే ఉంచుకుంటారు. మొదటి బ్యాచ్‌కి నాలుగేళ్ళు నిండేది 2026 ఆఖరులో. బయటికొచ్చేవాళ్ళకి పన్నెండు లక్షలకు కొంచెం తక్కువ సేవానిధి ఇస్తారు. పింఛను లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, క్యాంటీన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఊళ్ళోకి తిరిగొస్తే "సెలెక్ట్ అవ్వలేదట కదా" అంటారు. వీడు బాగా చేశాడా లేదా అన్నది ఎవరికీ పట్టదు. నా దగ్గర తయారైన పిల్లలు వాళ్ళు. అప్పుడు ఎవరి దగ్గరికి పంపాలి?

వంశధార_పీఎస్‌డబ్ల్యూ | బుధవారం, రాత్రి 9:50

బొబ్బిలి తమ్ముడూ, మీ గ్రౌండుకే పంపండి. నిజంగా అంటున్నాను. వాళ్ళు ఆస్పత్రికి రారు, మీ దగ్గరికి వస్తారు. చేరేటప్పుడే ఇంట్లోవాళ్ళను పిలిచి, "నాలుగేళ్ళ తర్వాత తిరిగొస్తే అది ఫెయిలవ్వడం కాదు" అని మీ నోటితో చెప్పండి. సేవానిధి చేతికొచ్చిన నెలలోనే అప్పులవాళ్ళూ, పెళ్ళి సంబంధాలవాళ్ళూ, చిట్టీలవాళ్ళూ గుమ్మం ముందుంటారు. ఆ నెలలో ఒక మనిషి వాడి పక్కన ఉండాలి. ఎచ్చెర్ల అమ్మాయీ, నీ ప్రాజెక్టుకి విషయం కావాలంటే ఇదిగో, నీ ఎదురుగా ఉంది.

విశాఖ_నావికుడు | గురువారం, ఉదయం 10:05

నేను ఒప్పుకోని మాట ఒకటుంది. ఈ పనికి మాజీ సైనికులనే తీసుకోవాలి. ఓడలో నెలల తరబడి ఎండ చూడకుండా ఉండటమంటే ఏమిటో పుస్తకం చదివినవాళ్ళకు అర్థం కాదు. మాలో మేము మాట్లాడుకుంటే రెండు మాటల్లో తేలిపోతుంది. ఆ అమ్మాయి ఉత్సాహాన్ని తగ్గించాలని కాదు.

రిటైర్డ్_హవల్దార్_గజపతినగరం | గురువారం, ఉదయం 11:30

నేవీ సాబ్, సగం ఒప్పుకుంటాను. మొదటి గుమ్మం మనమే దాటించాలి. నాకు ముందు ధైర్యం చెప్పింది మా రెజిమెంటోడే. గానీ మనలో మనం ఎంతసేపు మాటాడినా ఏటవుతాది? సీసా తెరుచుకుంటాది, పాత కథలు నడుస్తాయి, భార్యాబిడ్డల ఊసు ఎవడూ ఎత్తడు. పైగా మనలో ర్యాంకు అడ్డొస్తాది. సుబేదార్ సాబ్ ముందు నాను ఏడుస్తానా? నా కంటే చిన్నోడి ముందు ఏడుస్తానా? ఏ ర్యాంకూ లేని మనిషి ముందే ఏడ్చాను నాను. ఆవిడ మా పెద్దమ్మాయి ఈడుది.

భయం ఇంకోటి ఉంది, అది సర్వీసులో అలవాటైన భయం. అక్కడ మెడికల్ క్యాటగిరీ షేప్ అని ఉంటాది, అందులో ఎస్ అంటే మనసు. ఆ ఎస్ పడిపోతే ప్రమోషను పోద్ది, కోర్సులు పోతాయి, తోటోళ్ళు వేరేగా చూస్తారు. అందుకే ఏళ్ళ తరబడి "సబ్ ఠీక్ హై సాబ్" అనీసి అలవాటైపోయింది. రిటైరైనాక కూడా నోట్లోంచి అదే వస్తాది. మనోడికి చెప్తే యూనిట్ గ్రూపులో తెలిసిపోద్దేమో అన్న అనుమానం. బయటి మనిషికి చెప్తే ఆ అనుమానం ఉండదు.

విశాఖ_నావికుడు | గురువారం, మధ్యాహ్నం 12:10

ర్యాంకు సంగతి నేను ఆలోచించలేదు. మీరన్నది నిజమే హవల్దార్ సాబ్.

వంశధార_పీఎస్‌డబ్ల్యూ | గురువారం, రాత్రి 10:15

ఆ భయానికి జవాబు 2017 చట్టంలోనే ఉంది. తన వైద్యం వివరాలు గోప్యంగా ఉంచమనే హక్కు మనిషికి 23వ సెక్షన్ ఇచ్చింది. కొడుకు అడిగినా, సర్పంచి అడిగినా చెప్పకూడదు. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. ఆ మినహాయింపు కూడా మొదటిరోజే చెప్పెయ్యాలి. పల్లెల్లో గోప్యత చట్టంతోనే రాదనుకో. ఆస్పత్రి జీపు ఇంటి ముందు ఆగితే చాలు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నేను బస్సు దిగి నడిచే వెళ్తాను. పింఛను కాగితాల మనిషిననే ఊళ్ళో నన్ను అనుకుంటారు, అలాగే అనుకోనిస్తాను.

మరో సంగతి. మానసిక జబ్బుతో సర్వీసులోంచి పంపేసినవాళ్ళు ఎవరైనా ఉంటే పంపేటప్పుడు పరీక్షించిన రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాలు చూడకుండా వదలొద్దు. "సర్వీసుకు సంబంధం లేదు" అని ఒక్క వాక్యం రాసి వికలాంగ పింఛను ఆపేసిన కేసులుంటాయి. చేరినప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకున్న మనిషికి తర్వాత జబ్బు వస్తే, అది సర్వీసువల్ల రాలేదని చూపించే బాధ్యత ఆ మాట అన్నవాళ్ళదేనని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. అది మూర్ఛవ్యాధి కేసు. అదే ఏడు వీర్ పాల్ సింగ్ కేసులో స్కిజోఫ్రీనియా అని పంపేసిన సైనికుణ్ణి రివ్యూ మెడికల్ బోర్డు మళ్ళీ చూడాలని ఆదేశించింది. వినేది సాయుధ బలగాల ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచి. నియమాలు తర్వాత మారుతూ వచ్చాయి కాబట్టి లాయరుకి చూపించే అడుగు వెయ్యాలి. "నువ్వు పిచ్చోడివై వచ్చావు" అని ఊరు అన్న మనిషికి, ఆ జబ్బు డ్యూటీలో వచ్చిందని కాగితం మీద రాసిచ్చిన రోజున ముఖం ఎలా మారుతుందో నేను చూశాను. ఆ కాగితం కూడా వైద్యమే అని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

రిటైర్డ్_హవల్దార్_గజపతినగరం | శుక్రవారం, ఉదయం 5:40

పండగల గురించి కూడా రాయండి మేడమ్. దీపావళి అందరికీ తెలుసు. మాకు విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతర కష్టం. మొక్కుంటాది, వెళ్ళక తప్పదు. మూడులాంతర్ల జంక్షన్ దగ్గర జనం ఒక్కసారి తోసుకొచ్చినప్పుడు వెనకెవరున్నారో కనబడదు, ఒళ్ళు బిగుసుకుపోద్ది. ఇప్పుడేటి చేస్తున్నానంటే, పొద్దున్నే గుడికెళ్ళి దణ్ణం పెట్టీసుకుని, మధ్యాహ్నం తెలిసినోళ్ళ మేడ మీద గోడకి వీపు ఆనించి కూర్చుని చూస్తాను. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పీసాను, నేను లేచి వెళ్ళిపోతే వెనక రాకండి, పావుగంటలో వస్తాననీసి.

విశాఖ_సైకియాట్రీ | శుక్రవారం, ఉదయం 9:25

ఇంతకన్నా బాగా నేను కూడా ప్లాన్ చెయ్యలేను. పండక్కి వెళ్ళడం మానలేదు, తట్టుకోగలిగిన మేరకు వెళ్తున్నారు, బయటికొచ్చే దారి ముందే ఇంట్లోవాళ్ళకి తెలుసు. పూర్తిగా మానేస్తే భయం ఇంకా పెరుగుతుంది.

కంచిలి_కొబ్బరితోట | ఆదివారం, సాయంత్రం 4:30

వంశధార గారు, డాక్టరు గారు చెప్పినట్టే చేశాం. నా మాట వినలేదు గానీ, హవల్దార్ గారు ఫోనులో మాట్లాడాక ఒప్పుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, హిందీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆస్పత్రిలో చేర్చాం. క్రియాటినిన్ కాగితం ముందే చూపించాను. థయమిన్ గురించి కూడా అడిగాను, ముందు అదే ఇచ్చామన్నారు. వణుకు తగ్గింది. ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. నాకు ఎన్నాళ్ళనుంచో నిద్ర లేదు, నేను ఎవరికి చెప్పుకోవాలో కూడా చెప్పండి.

వంశధార_పీఎస్‌డబ్ల్యూ | ఆదివారం, సాయంత్రం 5:02

నాకు చెప్పుకోండి. రేపు మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేస్తాను. ఆయన గురించి ఒక్క ముక్క అడగను, మీ గురించే మాట్లాడదాం. ఈలోగా ఈ రాత్రికి ఆయన దగ్గర మీ తమ్ముణ్ణి పడుకోబెట్టి, మీరు ఇంటికెళ్ళి పడుకోండి.

ఎచ్చెర్ల_ఎమ్మెస్‌డబ్ల్యూ | ఆదివారం, రాత్రి 8:45

అన్నీ చదివాను. మా సార్‌తో మాట్లాడాను. ఫీల్డ్ వర్కు కింద వారానికి ఒకరోజు మాజీ సైనికుల కాగితాల పనిలో కూర్చోడానికి ఒప్పుకున్నారు, అనుమతి లేఖ రాస్తామన్నారు. ఆ లేఖలో కేంద్ర బలగాలవాళ్ళను, అగ్నివీరులను కూడా చేర్చమని అడిగాను. మొదట ఏం నేర్చుకుని వెళ్ళాలి?

వంశధార_పీఎస్‌డబ్ల్యూ | ఆదివారం, రాత్రి 9:20

స్పర్శ్‌లో లాగిన్ అవ్వడం, లైఫ్ సర్టిఫికెట్ వెయ్యడం, పీపీవో చదవడం. డిశ్చార్జి బుక్కులో ఏ పేజీలో ఏముంటుందో. ఈసీహెచ్‌ఎస్ కార్డు దరఖాస్తు, రిఫరల్ ఎలా తీసుకోవాలో. కుంగుబాటుకి పీహెచ్‌క్యూ-9, తాగుడుకి ఆడిట్ ప్రశ్నావళి తెలుగులో నోటికి వచ్చేలా చదువుకో, కాగితం చూస్తూ అడిగితే విచారణలా ఉంటుంది. ఇళ్ళకు ఒక్కదానివే వెళ్ళకు. విన్నదంతా మోసుకుని ఇంటికెళ్ళకు, పదిహేను రోజులకొకసారి నాతో కూర్చుని కేసులు మాట్లాడాలి. ఆ షరతుకి ఒప్పుకుంటేనే రా.

రిటైర్డ్_హవల్దార్_గజపతినగరం | ఆదివారం, రాత్రి 9:41

పీపీవో చదవడం నాను నేర్పిస్తానమ్మా. నా డిశ్చార్జి బుక్కు కూడా పట్టుకొస్తాను, పేజీ పేజీ చూసుకో. వచ్చే శనివారం పది గంటలకి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరుంటాను. రాజాం సీఆర్‌పీఎఫ్ తమ్ముడూ, నువ్వు కూడా రా, మీ కాగితాలు వేరేగా ఉంటాయి కదా, ఆ అమ్మాయికి అవి కూడా తెలియాలి.

సీఆర్‌పీఎఫ్_మాజీ_రాజాం | ఆదివారం, రాత్రి 9:58

వస్తాను అన్నా. మాలో ఇంకొకడున్నాడు, వాణ్ణి కూడా తీసుకొస్తాను.